స్టేటస్ పేజీ పచ్చగా ఉందని రెన్యువల్ కట్టేయకండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల షాపుల్లో వాడుతున్న ఓ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగింది. ఏడాదికోసారి చందా కట్టించుకునే రకం. పేరు రాయడం లేదు, వాడేవాళ్లకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ కొట్ల నుంచి చీమకుర్తి గ్రానైట్ యూనిట్ల దాకా ఎవరికి రెన్యువల్ దగ్గర పడినా ముందు ఇది చదవండి.

అసలు మోసం డబ్బులు కట్టే చోట ఉంది. అప్‌డేట్లు రావడం లేదు, లైసెన్స్ సరిచూసుకోవడం లేదు, కానీ చెల్లింపు పేజీ మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఎందుకంటే పేమెంట్ గేట్‌వే వేరే కంపెనీది, దాని సర్వర్లు వేరు. కొత్త లైసెన్స్ కీ ఇవ్వాల్సింది మాత్రం దెబ్బతిన్న సర్వరే. కాబట్టి డబ్బు పోతుంది, రసీదు వస్తుంది, కీ రాదు. ఫోన్ చేస్తే "మా స్టేటస్ పేజీ చూడండి సార్, అంతా బాగానే ఉంది" అంటారు. సర్వర్లు నడుస్తున్నాయో లేదో కంపెనీ చూపించే పేజీ అది, అందులో నిజంగానే అన్నిటికీ పచ్చ గుర్తులే ఉంటాయి.

పచ్చ గుర్తుకు అంత విలువ ఇవ్వక్కర్లేదు. చాలా స్టేటస్ పేజీలను మనిషే చేత్తో మార్చాలి. ఆటోమేటిక్‌గా నడిచేవాటిలో కూడా కొన్ని హోమ్ పేజీ తెరుచుకుంటోందా లేదా అని మాత్రమే చూస్తుంటాయి, ఫైల్ దిగుతోందో లేదో చూడవు. పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ క్లౌడ్‌లో ఎస్3 స్టోరేజీ పడిపోయినప్పుడు, దాని స్టేటస్ బోర్డును మార్చే ఏర్పాటు కూడా ఆ ఎస్3 మీదే ఆధారపడి ఉంది. సగం ఇంటర్నెట్ కుంటుతుంటే బోర్డు మాత్రం పచ్చగానే మెరిసింది.

సాఫ్ట్‌వేర్ లోపల కనిపించే "మీది తాజా వెర్షనే" అన్న మాటనూ నమ్మలేం. సర్వర్ పలకకపోతే ఎర్రర్ చూపించాల్సింది పోయి, కొన్ని ప్రోగ్రాములు అదే మాట చెబుతాయి. హెల్ప్ మెనూలో అబౌట్ తెరిచి వెర్షన్ నంబరు, చివరిసారి చెక్ చేసిన తేదీ చూడండి. ఇంకో చిన్న పరీక్ష కూడా ఉంది. తలనూనె సీసా ఒకటి పెట్టి నమూనా బిల్లు కొట్టండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి దాని మీద జీఎస్టీ 5 శాతం. ఇంకా 18 చూపిస్తే మీ మెషీన్‌కు అప్‌డేట్లు ఎప్పటినుంచో అందకపోయి ఉండొచ్చు, లేదా రేటు ఎవరూ మార్చి ఉండకపోవచ్చు. సర్వర్ వచ్చేదాకా ఐటమ్ మాస్టర్‌లో, అంటే సరుకుల జాబితాలో, రేటు చేత్తో మార్చుకోండి.

తప్పు మీ నెట్‌దా, వాళ్లదా తేలాలంటే ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద అప్‌డేట్ పేజీ తెరవండి. అక్కడా చాలాసేపు తిరిగి తిరిగి ఆగిపోయినా, 503 అనే సర్వర్ ఎర్రర్ వచ్చినా తప్పు అటువైపే. మొబైల్‌లో తెరుచుకుని షాపులో తెరుచుకోకపోతే మీ రౌటర్ చూసుకోండి. సెక్యూరిటీ సర్టిఫికెట్ హెచ్చరిక వస్తే ముందు కంప్యూటర్ తేదీ సరిగ్గా ఉందో చూడండి. తేదీ సరిగ్గానే ఉన్నా హెచ్చరిక పోకపోతే ఆ పేజీ జోలికి వెళ్లొద్దు.

ఈలోగా మెషీన్‌ను గమ్మున వదిలేయడమే మేలు. అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లా ఎక్కించారంటే యాక్టివేషన్ అడుగుతుంది, అది ఇచ్చే సర్వరే లేదు, ఉన్నది కూడా పోతుంది. లైసెన్స్ గడువు దాటిందని తేదీ వెనక్కి జరపడం ఇంకా ఘోరం: బిల్లుల తేదీలు కలగాపులగం అవుతాయి, కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని పసిగట్టి పూర్తిగా తాళం వేసుకుంటాయి.

వాట్సాప్‌లో "కొత్త అప్‌డేట్ ఫైల్" అని వచ్చేది అసలు ముట్టుకోవద్దు. ఎనీడెస్క్ (దూరం నుంచి మీ కంప్యూటర్‌ను నడిపించే యాప్) కోడ్ అడిగేవాడికి చెప్పొద్దు. సర్వర్ కోలుకున్నాక వచ్చిన ఫైల్‌నైనా కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్‌లో కంపెనీ పేరుందో చూశాకే ఎక్కించండి. వెబ్‌సైట్‌లో ఇచ్చిన హ్యాష్‌తో (ఫైల్ మారిందో లేదో తెలిపే కోడ్) పోల్చుకుంటే చాలనుకోవద్దు, సైట్‌లో దూరినవాడు హ్యాష్ కూడా మార్చగలడు. 2016 ఫిబ్రవరిలో లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ సైట్‌లో దూరి డౌన్‌లోడ్ లింకునే మార్చేశారు. 2017 జూన్‌లో ఉక్రెయిన్‌లో ఎంఈడాక్ అనే పన్నుల లెక్కల సాఫ్ట్‌వేర్ సొంత అప్‌డేట్ సర్వర్ నుంచే నాట్‌పెట్యా వైరస్ దిగింది. అందుకే అప్‌డేట్ నొక్కేముందు సాఫ్ట్‌వేర్ మూసి, డేటా ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, పెన్‌డ్రైవ్ ఊడదీసి పక్కన పెట్టండి. కంప్యూటర్‌కే తగిలించి వదిలేస్తే, వైరస్ వచ్చినప్పుడు అదీ పాడవుతుంది. వేరే కంప్యూటర్‌లో ఆ కాపీ తెరుచుకుంటోందో లేదో ఒకసారి చూడండి.

వ్యాపారం ఆపక్కర్లేదు. చేత్తో రాసే బిల్లుబుక్కుకు వేరే సిరీస్ మొదలుపెట్టండి, ఎం-001 లాగా. నంబరు 16 అక్షరాలు దాటకూడదు, వరుస తప్పకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో టేబుల్ 13లో ఈ సిరీస్ కూడా చూపించాలని ఆడిటర్‌కు చెప్పిపెట్టండి, మర్చిపోయేది అక్కడే. టర్నోవర్ 5 కోట్లు దాటిన వాళ్లు ఈ-ఇన్‌వాయిస్‌ను, 50 వేలు దాటిన సరుకు పంపేవాళ్లు ఈ-వే బిల్లును నేరుగా ప్రభుత్వ పోర్టల్‌లోనే తీసుకోవచ్చు. వాటికి ఈ సాఫ్ట్‌వేర్‌తో పనిలేదు.

రెన్యువల్ కట్టేముందు డీలర్‌ను ఒక్క మాట అడగండి, జవాబు రాతలో తీసుకోండి: సర్వర్ దొరక్కపోతే సాఫ్ట్‌వేర్ ఎన్ని రోజులు నడుస్తుంది? 30 రోజులంటే ఫరవాలేదు. "అలా ఎప్పుడూ జరగదు సార్" అంటే కట్టొద్దు.

ఇప్పటికే కట్టేసిన వాళ్లు ఒక పని చేయండి. కంప్యూటర్ తెరపై ఒకవైపు ఎర్రర్, ఇంకోవైపు పచ్చటి స్టేటస్ పేజీ, కింద తేదీ, టైమూ కనిపించేలా ఒకే స్క్రీన్‌షాట్ తీసి, రసీదుతో పాటు కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. పలకకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. బతుకుతెరువు కోసం సొంతంగా నడుపుకునే షాపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లొచ్చు, కొన్న ధర 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. వాట్సాప్ ఫైల్ వల్లో, ఎనీడెస్క్ వల్లో డబ్బు పోయినవాళ్లు మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.