హెరెంటాల్స్ గుడిలో చెప్పులు కుట్టిన వేదసాక్షులు

బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ ప్రావిన్సుకు వెళ్లేవారు హెరెంటాల్స్ పట్టణంలోని పునీత (సెయింట్) వాల్డెట్రూడిస్ విచారణ దేవాలయానికి, అంటే స్థానిక క్రైస్తవుల చర్చికి, కనీసం ఒక గంట ఉంచుకోవాలని నా మనవి. బ్రబాంట్ గోతిక్ అనే మధ్యయుగపు యూరప్ శైలిలో కట్టిన ఆ గుడి అందమైనదే. అయితే అక్కడ నన్ను కదలనివ్వనిది, 16వ శతాబ్ది తొలి దశాబ్దాలలో పాస్కియర్ బోర్మన్ ఓక్ కలపతో చెక్కిన బలిపీఠపు శిల్పఫలకం. పునీత క్రిస్పిన్, క్రిస్పినియన్ అనే అన్నదమ్ముల వేదసాక్షి మరణం, అంటే విశ్వాసం కోసం ప్రాణమివ్వడం, దాని ఇతివృత్తం.

గాథ ప్రకారం వారు 3వ శతాబ్దిలో గాల్ దేశపు (నేటి ఫ్రాన్స్) స్వాసోన్‌లో పగలు సువార్త చెబుతూ, రాత్రి చెప్పులు కుట్టుకుని బతికేవారు. రిక్టియోవారస్ అనే రోమన్ అధికారి వారి గోళ్ల సందుల్లో ఆరెలు (తోలుకు రంధ్రాలు చేసే మొనదేలిన పనిముట్లు) దింపించాడు, ఒంటి చర్మం ఒలిపించాడు, మెడకు తిరగలి రాళ్లు కట్టించి నదిలోకి తోయించాడు, సలసల కాగే కొప్పెరలో వేయించాడు. దేనివల్లా వారి ప్రాణం పోకపోవడంతో చివరకు రోమన్ చక్రవర్తి మాక్సిమియన్ వారి తలలు నరికించాడు.

క్రిస్పిన్ సోదరులు చెప్పులు కుట్టేవారికీ తోలు పనివారికీ పాలక పునీతులు, అంటే తమను కాపాడతారని వారు నమ్మే పునీతులు. ఈ సంగతి మనసులో పెట్టుకుని చూస్తేనే శిల్పం పూర్తిగా అర్థమవుతుంది. ఆరె వేలికి దిగితే ఎలా ఉంటుందో, తోలు ఎటు లాగితే ఊడివస్తుందో రోజూ చేతులతో ఎరిగిన మనుషులు దీని ముందు మోకరించారు. దూరదేశపు పురాతన గాథలోని బాధ వారికి తమ పనిముట్ల ద్వారానే చేరింది. దింపిన ఆరెలు ఎగిరి హింసించేవారికే గుచ్చుకున్నాయని గాథ చెప్పే మాట వారికి ఎంత ఊరటనిచ్చి ఉంటుందో! చెక్కినవాడు కూడా ఉలి పట్టినవాడే కనుక, పనిముట్టు పట్టిన చేతి బిగువు అతనికి బాగా తెలుసు.

పాస్కియర్ తండ్రి యాన్ బోర్మన్ 1493లో చెక్కిన పునీత జార్జి ఫలకం ఇప్పుడు బ్రస్సెల్స్ మ్యూజియంలో ఉంది. నైపుణ్యంలో తండ్రిదే పైచేయి అని ఒప్పుకుంటాను. అయినా రెంటిలో ఒకదానినే చూడగలిగితే హెరెంటాల్స్‌నే ఎంచుకోమంటాను, ఎందుకంటే ఇక్కడ శిల్పం ఇంకా ప్రార్థన జరిగే చోటనే ఉంది.

బొమ్మలు చిన్నవి, కిక్కిరిసి ఉంటాయి; ఒక్కో దృశ్యం దగ్గర ఆగి, ముందు చేతులను, తర్వాత ముఖాలను చూడండి. పూజ సమయంలో కాకుండా వెళ్లండి, తలుపులు తెరిచే వేళలు ముందే కనుక్కోండి. పిల్లలు వెంట ఉంటే గాథను బయటే చెప్పి లోపలికి తీసుకువెళ్లడం మంచిది.