ఐఎఫ్‌పీ: నాకు నచ్చింది దాచుకునే బోర్డు, కాకపోతే…

తెర ఎన్ని అంగుళాలు, ర్యామ్ ఎంత లాంటివి వదిలేస్తున్నాను. ఐఎఫ్‌పీ అంటే ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్, వేలితోనో పెన్నుతోనో రాసే పెద్ద టచ్ తెర. ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బడులు బాగుచేసే నాడు–నేడు పథకం కింద 2023 నుంచి చాలా గవర్నమెంటు హైస్కూళ్ళలో గోడకెక్కిన ప్యానెలే ఇది, టీచర్లందరికీ తెలిసిందే. గుంటూరులో ఒక మున్సిపల్ హైస్కూల్లో తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెబుతాను. బిగించిన నాటి నుంచీ నా పాఠం దాని మీదే.

నాకు ప్రాణం లేచొచ్చింది వీడియోలు చూసి కాదు, రాసిన బోర్డు చెరపక్కర్లేకుండా సేవ్ అవుతుంది, అందుకు. మా పిల్లల్లో చాలామంది ఇళ్ళలో మిర్చి మీదే బతుకు. ఫిబ్రవరి వచ్చిందంటే పెద్దవాళ్ళు కోతలకు పోతారు, వాళ్ళ వెనకే కొందరు పిల్లలూ పోతారు. వారం, పది రోజులకు తిరిగొచ్చి "చేతులు మండుతున్నాయి సార్" అంటూ కూర్చుంటే, మళ్ళీ మొదటి నుంచి చెప్పే టైం ఎక్కడిది? ఇప్పుడు మధ్యాహ్నం అన్నాలయ్యాక, వాళ్ళు రాని రోజుల పేజీలు తెరిచి పెడతాను. ఎక్కడ తప్పు కొట్టేశామో, ఏ స్టెప్పు పక్కన ఎర్ర రంగుతో ఏం రాశానో అన్నీ అలాగే ఉంటాయి. పక్కవాడి నోట్సులో అవి దొరకవు.

నిరుడు సరిగ్గా ఆ కోతల రోజుల్లోనే దానికి దయ్యం పట్టింది. ఎవరూ ముట్టుకోకుండానే గీతలు పడేవి. రాస్తుంటే పేజీ జారిపోయేది. కుడివైపు కింది మూలలో మెనూ దానంతటదే తెరుచుకునేది. పిల్లలకు పండగే, నాకేమో పబ్లిక్ పరీక్షల టెన్షన్. కంప్లైంట్ పెట్టాం. చాలా రోజులకు ఒకబ్బాయి వచ్చి, "సాఫ్ట్‌వేర్ ప్రాబ్లమ్ సార్, రీసెట్ కొడితే పోద్ది" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే కొట్టేశాడు. జూన్ నుంచి రాసిన పేజీలన్నీ పోయాయి. మర్నాడు మొదటి పీరియడ్‌లో ఆ గీతలు మాత్రం మళ్ళీ హాజరు.

ఈ తెర వేలిని గుర్తుపట్టేది అద్దంతో కాదు. చుట్టూ ఉన్న ఫ్రేములోంచి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు అడ్డంగా, నిలువుగా పోతుంటాయి. ఏది అడ్డొచ్చినా అది వేలే అనుకుంటుంది. మా గదిలో ప్యానెల్‌కి ఆనుకునే సుద్దముక్కల బోర్డు కూడా ఉంది. కింది గాడి నిండా సుద్దపొడి, మూలలో సాలెగూడు. టార్చి వేసి అది కనిపెట్టింది పదో తరగతి అమ్మాయి. పొడిగుడ్డ, చిన్న పెయింట్ బ్రష్షు చాలు, పది నిమిషాల పని. సాయంత్రం పడమటి కిటికీ ఎండ సూటిగా పడితే ఇప్పటికీ కాస్త తిక్క చేస్తుంది. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కదా, కర్టెన్ కట్టాం.

కాబట్టి పైన మెచ్చుకున్న సేవ్ సంగతి కొంచెం తగ్గించి చదువుకోండి. పేజీలు ప్యానెల్‌లోనే ఉంటే నమ్మకం లేదు. ఇప్పుడు ప్రతి శనివారం పీడీఎఫ్‌లుగా పెన్‌డ్రైవ్‌కి ఎక్కిస్తున్నాను. పైగా పేజీ చూసి సొంతంగా అందుకునేది చురుకైన పిల్లలే. మిగతావాళ్ళకు పక్కన కూర్చుని చెప్పే మనిషి కావాల్సిందే.

పై అధికారులు అడిగేది ప్యానెల్ ఎన్ని గంటలు ఆన్‌లో ఉందని. వీడియో పెట్టి రిజిస్టర్లు రాసుకున్నా గంట గంటే కదా! నేను చూసుకునేది పెన్ను ఎంతమంది పిల్లల చేతికి పోయిందని. అర్ధవృత్తంలో కోణం పాఠానికి జియోజీబ్రా (లెక్కల బొమ్మలు గీసి, కదిలించి చూసే సాఫ్ట్‌వేర్) తెరిచి, వ్యాసం గీసి, చాపం మీద మూడో బిందువును లాగమన్నాను. ఎటు లాగినా 90 డిగ్రీలే. వెనక బెంచీవాడు నమ్మక, కింది చాపం మీదికి తిప్పాడు. అక్కడా 90. బిందువును వృత్తం నుంచి విడదీసి ఇస్తే, లోపలికి లాగినప్పుడు కోణం పెరిగింది, బయటికి లాగినప్పుడు తగ్గింది. సిద్ధాంతం నేను చెప్పకముందే వాడే చెప్పాడు. సుద్దముక్కతో నేనెన్ని బొమ్మలు గీసినా ఇది రాలేదు.

నా మట్టుకు ఐదుకి నాలుగు. నాది లెక్కల సబ్జెక్టు, గదిలో మరీ కిక్కిరిసిన క్లాసు కాదు, అందుకు ఆ నాలుగు. ఇన్వర్టర్ లేదు, కరెంటు పోతే మళ్ళీ సుద్దముక్కే. మా తెలుగు మేడం పద్యం రాగం తీసేటప్పుడు దాన్ని ఆపేస్తారు. ఆవిణ్ణి అడిగితే రెండు కూడా ఇవ్వరేమో.