ఎంజీబీకి క్రౌన్ పినియనా, ఐదో గేరా?

ఔటర్ రింగ్ రోడ్డెక్కితే పాత ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) 100 కిలోమీటర్ల వేగానికే 3,500 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర హోరెత్తిస్తుంది. వెనక చక్రాలను తిప్పే డిఫరెన్షియల్ నిష్పత్తి 3.909 మరి. అంటే చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్ దాదాపు నాలుగు చుట్లు తిరగాలి.

ఇదే కారులో పెద్ద ఇంజిన్ రకమైన ఎంజీబీ జీటీ వీ8లో వాడిన 3.07 క్రౌన్ పినియన్ (డిఫరెన్షియల్ లోపలి పళ్ల చక్రాల జత) వేస్తే అదే వేగానికి 2,700కి దిగుతుంది. చెవులకు హాయే. కానీ ఏ గేరులోనైనా బండిని లాగడం ఇంజిన్‌కు బరువవుతుంది. వీ8 అంటే 3.5 లీటర్ల ఇంజిన్, మనది 1.8. పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఫస్ట్ గేరుకే క్లచ్ మాడిన వాసన! స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్స్ నుంచి వస్తుంది కాబట్టి 100లో వెళ్తున్నా ముల్లు 79 దగ్గరే ఉంటుంది. దాన్ని సరిచేయించకపోతే చలానా వచ్చాకే తెలుస్తుంది. బిగింపూ ఓపిక పనే. పళ్లకు రంగు పూసి తిప్పి, మచ్చ పంటి మధ్యలో పడేదాకా షిమ్ములు (సందు సరిచేసే పలుచని రేకులు) మార్చాలి. కాస్త తప్పినా బండి ఊళ పెడుతుంది.

డిఫరెన్షియల్ జోలికి పోకుండా 0.82 నిష్పత్తి ఐదో గేరున్న గేర్‌బాక్స్ వేస్తే అదే వేగానికి 2,850 ఆర్‌పీఎం. నాలుగో గేరు ఎప్పటిలాగే ఉంటుంది. ఖర్చెక్కువ, గేర్‌బాక్స్‌ను డిఫరెన్షియల్‌కు కలిపే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు కూడా చూసుకోవాలి. ఊళ్లో తిరిగే బండికి నా ఓటు దీనికే. డిఫరెన్షియల్ ఇప్పటికే కూస్తుంటే మాత్రం ముందు దాన్నే విప్పించండి.