తెరచాప పడవ మీద 400 వాట్ల సోలార్: మూడేళ్లు వాడాక

విజయవాడలో ఎండకు కరువేముంది, ఏ ప్యానెల్ పెట్టినా పనిచేస్తుంది అంటారు. డాబా మీదైతే నిజమే. తెరచాప ఉన్న పడవ మీద మాత్రం ప్యానెల్ ఎన్ని వాట్లన్నది రెండో ప్రశ్న. చాప కట్టే నిలువు కొయ్య నీడ, చాప నీడ ఏ పూట ఎక్కడ పడుతుందన్నది మొదటి ప్రశ్న. మూడేళ్లు దాటింది మేం ఈ సామాను బిగించి. ఏది కొనాలి, ఎక్కడ పెట్టాలి అని అడిగేవాళ్లు పెరిగారు కాబట్టి తెలిసినదంతా ఒకేచోట రాస్తున్నా.

మాది 26 అడుగుల ఫైబర్ పడవ. ఒకటే కొయ్య, రెండు చాపలు, లోపల నలుగురు పడుకునే కేబిన్. నేనూ మా బావమరిదీ కలిసి విశాఖ వైపు సెకండ్‌హ్యాండ్‌లో కొని ట్రైలర్ మీద తెచ్చుకున్నాం. ప్రకాశం బ్యారేజీకి ఎగువన ఉంటుంది. నీళ్లు నిండుగా ఉన్న నెలల్లో భవానీ ద్వీపం దగ్గర బయలుదేరి, ఇబ్రహీంపట్నం ఫెర్రీ, వైకుంఠపురం దాటుకుని అమరావతి దాకా వెళ్లి, రాత్రికి అక్కడే లంగరు వేసి, మర్నాడు పొద్దున దిగువకు వస్తాం. సాయంత్రం పైరగాలి ఆగ్నేయం నుంచి లేచిందంటే ఇంజన్ ముట్టుకోకుండా ఏటికి ఎదురు వెళ్లొచ్చు, ఆ సుఖం కోసమే ఇదంతా.

కొనే ముందు చేయాల్సింది ఖర్చు లెక్క, అంటే రూపాయల ఖర్చు కాదు, కరెంటు ఖర్చు. మా లెక్క ఇది. చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకు సుమారు 40 ఆంపియర్ అవర్లు తింటుంది (మన ఎండలకు అది ఆగకుండా తిరుగుతుంది, చల్లటి దేశాల వాళ్లు రాసిన అంకెలు ఇక్కడ పనికిరావు). రెండు 12 వోల్టుల ఫ్యాన్లు రాత్రంతా తిరిగితే 24. ఎల్‌ఈడీ లైట్లు 8, ఫోన్లు, స్పీకర్ ఇంకో 8, లోతు చూపే సౌండర్ 4. ఇసుక మేటలు ఏటేటా చోటు మారే కృష్ణలో ఆ సౌండర్ లేకుండా నేను కదలను. మొత్తం 84, బ్యాటరీ వోల్టేజితో గుణిస్తే ఒక యూనిట్ కరెంటు కన్నా కాస్త ఎక్కువ. ఇక్కడ ఏడాది సగటున రోజుకు 5 గంటల పూర్తి ఎండ కింద లెక్కేసుకుని, వేడికి, నీడకు, దుమ్ముకు, వైర్లలో పోయేదానికి మూడో వంతు తీసేస్తే 400 వాట్లకు 1.3 యూనిట్లు. అలా వచ్చింది 400 అన్న అంకె. ఫ్రిజ్ వద్దనుకుంటే అందులో సగం చాలు.

ఇక నీడ సంగతి. అమరావతికి వెళ్లేటప్పుడు మేం పడమటికి పోతాం, అది సాయంత్రం, సూర్యుడు ఎదురుగా ఉంటాడు. తిరిగి వచ్చేటప్పుడు తూర్పుకు వస్తాం, అది పొద్దున, అప్పుడూ సూర్యుడు ఎదురుగానే. అంటే పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కొయ్య నీడ, చాప నీడ పడవ వెనక భాగం మీదే పడతాయి, ప్యానెళ్లు పెట్టడానికి చోటున్నదేమో ఆ వెనక భాగంలోనే. ముందు పెడదామంటే లంగరు తాడు, ముందు చాప, మనుషుల కాళ్లు. కేబిన్ కప్పు మీద పెడదామంటే దానికి సరిగ్గా పైన బూమ్, అంటే పెద్ద చాప అడుగు అంచును పట్టే అడ్డకర్ర. అందుకని వెనకే పెట్టి, నీడను ఎలా తట్టుకోవాలో ఆలోచించాం.

ఇక్కడ షాపుల్లో చెప్పని ముక్క ఒకటుంది. మామూలు 12 వోల్టుల ప్యానెల్‌లో 36 గడులు (సెల్స్) ఒకదాని వెనక ఒకటి వరుసగా కలిపి ఉంటాయి. తోటలో నీళ్ల పైపును ఒకచోట కాలితో తొక్కితే చివరి దాకా ధార ఎలా తగ్గుతుందో, ఒక గడి పూర్తిగా నీడలో పడితే ప్యానెల్ మొత్తం కరెంటు అలాగే పడిపోతుంది. "బైపాస్ డయోడ్లు ఉన్నాయి కదా సార్" అంటారు. ఉన్నాయి, సాధారణంగా రెండు. నీడ పడిన సగాన్ని పక్కన పెట్టి మిగతా సగంతో పనిచేయిస్తాయి. కానీ ఆ సగం ఇచ్చేది 9 వోల్టులు, 13 వోల్టుల బ్యాటరీలోకి అది ఎక్కదు. కాబట్టి 12 వోల్టుల ప్యానెల్‌కు అరచెయ్యంత ముదురు నీడ చాలు, అది దాదాపు పడుకున్నట్టే. రెండు ప్యానెళ్లను సిరీస్‌లో కలిపి ఒకే ఎంపీపీటీకి (ప్యానెల్ వోల్టేజిని బ్యాటరీకి తగ్గట్టు మార్చి చార్జ్ చేసే కంట్రోలర్) ఇస్తే వోల్టేజి మిగులుతుంది కాబట్టి చిన్న నీడలకు అది బాగానే పనిచేస్తుంది. మాకు పడేది చిన్న నీడ కాదు, చాప ఒక ప్యానెల్‌ను నిలువునా కప్పేస్తుంది.

అందుకే రెండు 200 వాట్ల మోనో ప్యానెళ్లు ఎడమ ఒకటి, కుడి ఒకటి పెట్టి, దేని కంట్రోలర్ దానికి ఇచ్చాం. విక్ట్రాన్ స్మార్ట్‌సోలార్ 75/15 ఎంపీపీటీలు రెండు తీసుకున్నాం. 75 వోల్టుల దాకా తట్టుకుంటుంది, 15 ఆంపియర్లు ఇస్తుంది, 12 వోల్టుల బ్యాటరీకి 220 వాట్ల దాకా ప్యానెల్ కలపొచ్చు, మా 200కు సరిగ్గా సరిపోయింది. పెద్దది ఒకటి కొనడం కన్నా ఖర్చు ఎక్కువే, కానీ మొత్తం సామానులో నాకు బాగా నచ్చింది ఇదే. ఒకటి ఆగినా ఇంకోటి నడుస్తుంది. పైగా బ్లూటూత్‌లో ఫోన్‌కు రెండింటి అంకెలు విడివిడిగా వస్తాయి, నీడ ఎక్కడ పడుతోందో వాట్లలో కనబడుతుంది. పైరగాలి వెనక నుంచి తోస్తున్నప్పుడు పెద్ద చాపను ఎడమకైనా కుడికైనా వదలొచ్చు కదా, కుడికి వదిలినప్పుడు కుడి ప్యానెల్ 20 వాట్లకు పడిపోయి, చాప ఎడమకు మార్చగానే 110కి లేచిన సాయంత్రాలు ఉన్నాయి. ఇప్పుడు గాలి రెండు వైపులా ఒకేలా ఉంటే ఫోన్ చూసే చాప ఏ పక్కకో నిర్ణయిస్తాం.

ఎంపీపీటీ పెడితే మామూలు కంట్రోలర్ కన్నా 30 శాతం ఎక్కువ వస్తుందని చెబుతారు, మే నెల మధ్యాహ్నం అది నమ్మకండి. ప్యానెల్ మీద రాసే అంకెలన్నీ 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మన వడగాలి రోజుల్లో గడుల వేడి 65 డిగ్రీలు దాటుతుంది. ఒక్కో డిగ్రీకి 0.4 శాతం దాకా పోతుంది, అంటే అక్కడే 15 శాతం దగ్గర గండి. వోల్టేజి కూడా 18 నుంచి 16 దగ్గరికి దిగిపోతుంది కాబట్టి, ఎంపీపీటీకి బ్యాటరీ పైన మిగిలే తేడా చాలా కొంచెం. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం మాకు రెండూ కలిపి 300 నుంచి 320 వాట్లు. మేం చూసిన పెద్ద అంకెలు ఆగస్టులో, వాన వెలిసి ప్యానెళ్లు చల్లగా ఉండి, మబ్బు పక్కకు జరిగిన క్షణంలో వచ్చాయి. ఆ నెల మొదటి వారంలో సూర్యుడు మనకు దాదాపు నడినెత్తిన ఉంటాడు, మే మొదట్లో లాగే. డిసెంబరు చివర్లో మధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తే, బల్లపరుపుగా పెట్టిన ప్యానెల్‌కు అప్పుడు కాస్త తగ్గుతుంది. వాలుగా తిప్పే ఏర్పాటు పెట్టమని కొందరన్నారు. లంగరు మీద పడవ గాలికీ ప్రవాహానికీ తిరుగుతూనే ఉంటుంది, దాన్ని ఎటు వాల్చి పెడతాం? బల్లపరుపే మేలు.

ప్యానెల్ కింద గాలి ఆడాలి, ఇది కూడా ఆ వేడి వల్లే. మేం కొన్నప్పటికే కప్పు మీద ఒక ఫ్లెక్సిబుల్ ప్యానెల్ అతికించి ఉంది. తేలిక, తొక్కినా ఏం కాదు, చూడటానికి బాగుంటుంది. కానీ ఫైబర్‌కు అంటుకుని ఉండటంతో వేడి పోయే దారి లేదు, రెండు వేసవులకు పైపొర పసుపెక్కి, బుడగలు లేచి, ఇచ్చే కరెంటు సగానికి వచ్చింది. పెచ్చులుగా గీకి తీసేశాం. మన ఎండలో అద్దం ప్యానెల్, అల్యూమినియం చట్రం, కింద జానెడు ఖాళీ ఉండాల్సిందే.

ఫ్రేము ఆటోనగర్‌లో చేయించాం. బస్సు బాడీలు కట్టే మేస్త్రి ఒకాయన దొరికాడు, పడవ పని ఎప్పుడూ చేయలేదు, అయినా సాయంత్రం పడవ దగ్గరికి వచ్చి టేపు పెట్టి కొలుచుకుని, కాసేపు ఊగే పడవలో కూర్చుని చూసి మరీ ఒప్పుకున్నాడు. "సార్, ప్యానెల్ వెల్డింగ్ చేయొద్దు, బోల్టులే వేద్దాం, రేపు పాడైతే మొత్తం కోయక్కర్లేదు" అన్నది ఆయన సలహానే. "అన్నా, 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వద్దు, 316 పైపే కావాలి" అని నేను పట్టుబట్టా, ఎప్పటికైనా సముద్రం వైపు తీసుకెళ్లాలని ఉంది, ఉప్పు గాలికి 304 తుప్పు మరకలు పడుతుంది. ఆర్గాన్ వెల్డింగ్. ప్యానెళ్ల కన్నా ఫ్రేముకే ఎక్కువైంది, చెప్పాలంటే రెండింతలు. అయినా ఇక్కడ పొదుపు చేయకండి. సాయంత్రం గాలివాన వచ్చినప్పుడు ఆ రెండు పలకలూ ఇంకో రెండు చాపల్లాగే గాలి పడతాయి. పైన బరువు పెరిగితే పడవ ఒరగడం కూడా పెరుగుతుంది కాబట్టి ఫ్రేము మనిషి తలకు తగలనంత ఎత్తు ఉంటే చాలు, అంతకు మించి లేపొద్దు.

వైరు గురించి చెప్పకుండా వదలలేను, ఎందుకంటే ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. వన్‌టౌన్‌లో ఇంటి వైరింగ్ తీగ ఎంతైనా దొరుకుతుంది, పడవకు మాత్రం తగరం పూత ఉన్న రాగి తీగ తెప్పించుకోండి, తేమకు మామూలు రాగి లోపలికల్లా నల్లబడిపోతుంది. మా ప్యానెల్ నుంచి కంట్రోలర్‌కు 4 మీటర్లు, పోనూ రానూ 8. 4 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్ల మందం) తీగలో 10 ఆంపియర్లకు 0.35 వోల్టు పోతుంది, అంటే 2 శాతం. ఫరవాలేదు. దూరం పెరిగితే 6కు వెళ్లండి. ఇంకోటి, ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీలు డీసీ లైనుకు పెట్టొద్దు. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నా దగ్గరికి వస్తుంది కాబట్టి నిప్పురవ్వ ఆరిపోతుంది, డీసీలో అది సాగుతూనే ఉంటుంది. డీసీ అని రాసి ఉన్నదే అడిగి తీసుకోండి. బ్యాటరీ ప్లస్ దగ్గర, అడుగు దూరం లోపే ఫ్యూజ్ ఉండాలి. బిగించేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్.

బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 12.8 వోల్టుల 100 ఏహెచ్‌వి (ఆంపియర్ అవర్లు) రెండు. మన ఇళ్లలో ఇన్వర్టర్ కింద ఉండే 150 ఏహెచ్ ట్యూబులర్ ఒక్కటే 50 కిలోల పైమాటే, పడవ ఒరిగితే యాసిడ్ కారుతుంది, పైగా సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది. ఇవి రెండూ కలిపి పాతిక కిలోల లోపే, 80 శాతం దాకా ధైర్యంగా వాడుకోవచ్చు. కంట్రోలర్‌లో చార్జింగ్ 14.2 వోల్టులు, ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే వోల్టేజి) 13.5, టెంపరేచర్ కాంపెన్సేషన్ (వేడిని బట్టి చార్జింగ్ వోల్టేజి మార్చేది) ఆఫ్. ఈ చివరిది తప్పకుండా ఆఫ్ చేయాలి, అది లెడ్ యాసిడ్ బ్యాటరీల కోసం పెట్టింది. లిథియానికి శత్రువు వేడి, అందుకని పైన ఇంజన్ పక్క పెట్టెలో కాకుండా కేబిన్ అడుగున, నీటి మట్టం కిందున్న చోట పెట్టాం, అక్కడ మేలో కూడా చెయ్యి పెడితే చల్లగానే ఉంటుంది.

2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరద ఇక్కడివాళ్లెవరూ మర్చిపోరు. బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది, కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గర ఢీకొన్నాయి. ఆగస్టులోనే ఎగువ నుంచి నీళ్లు వదులుతున్నారని విని మాది ట్రైలర్ ఎక్కించి మెరకకు చేర్చాం కాబట్టి నదిలో లేదు. కానీ ఆ కుండపోతకు పైనుంచి పడే నీళ్లే పడవను నింపేస్తాయి, అడుగున బిరడా తీసే ఏర్పాటు దీనికి లేదు. ఊళ్లోనే రోడ్లు మునిగి కొన్ని రోజులు అటు పోలేకపోయాం. ఎంత టెన్షన్ పడ్డామో. వెళ్లి చూస్తే లోపల పొడిగా ఉంది. నీళ్లు చేరగానే తేలి ఆన్ అయ్యే ఫ్లోట్ స్విచ్‌తో, పడవ అడుగు నీళ్లు తోడే పంపు తనంతట తానే తోడుతూ వచ్చింది, ఎండ మొహం చూడని రోజుల తర్వాత కూడా బ్యాటరీ 80 శాతం పైనే ఉంది. ఫ్రిజ్ అన్నీ కట్టేసి పంపు లైను ఒక్కటే నేరుగా బ్యాటరీకి, సొంత ఫ్యూజుతో ఇచ్చి ఉండటం వల్లే ఇది సాధ్యమైంది. మీ పడవలో ఇంకేం చేయకపోయినా ఇది చేయండి.

నిర్వహణ అంటే పెద్దగా ఏం లేదు. ఎండాకాలం ఇసుక దుమ్ము, ఏడాది పొడుగునా నీటికాకుల రెట్టలు. రెట్ట చిన్నదే, కానీ గడి మీద పడితే పైన చెప్పిన నీడ కథే. పొద్దున్నే అద్దం చల్లగా ఉన్నప్పుడు కడిగి గుడ్డతో తుడిచేయాలి, మధ్యాహ్నం కాలే అద్దం మీద చల్లటి నీళ్లు పోయొద్దు. వర్షాకాలం ముందోసారి, తర్వాతోసారి బోల్టులు, లగ్గులు (తీగ చివర్ల బిగింపులు) బిగువు చూస్తాం.

మొత్తం లక్షన్నర లోపు అయింది. సబ్సిడీ వస్తుందా అని అడిగేవాళ్లకు: పీఎం సూర్య ఘర్ కింద 3 కిలోవాట్లకు ఇచ్చే 78,000 రూపాయలు గ్రిడ్‌కు కలిపిన ఇంటి కప్పులకు, పడవలకు కాదు.

గుంటూరు నుంచి మా బాబాయి వరస ఆయన ఒకరు 18 అడుగుల పడవకు ఏం పెట్టమంటావని అడుగుతున్నారు, ఫ్రిజ్ లేదు, లైట్లు, ఒక ఫ్యాను, ఫోన్లు, పంపు. ఆయనకు నేను చెప్పింది: 100 వాట్ల అద్దం ప్యానెల్ ఒకటి, లిథియం సెట్టింగ్ ఉన్న మంచి పీడబ్ల్యూఎం కంట్రోలర్ (ఎంపీపీటీలా వోల్టేజి మార్చని మామూలు రకం), 50 ఏహెచ్ లిథియం బ్యాటరీ, 4 ఎస్‌క్యూ ఎంఎం తీగ. ప్యానెల్ బిగించే ముందు ఒక ఆదివారం చాప ఎత్తి, పొద్దున ఎనిమిదింటికి, మధ్యాహ్నం, సాయంత్రం నాలుగింటికి నీడ అంచుల్లో సుద్దముక్కతో గీతలు గీయమన్నా. గీతలు పడని చోటే రంధ్రాలు వేయమన్నా.