వాడని హెచ్-1బీ అప్రూవల్‌కు ఆధారాలు: యూఎస్‌సీఐఎస్ కేస్ స్టేటస్, ఫోయా సేవలు ఎంతవరకు పనికొస్తాయి?

లాటరీలో పేరొచ్చి, కంపెనీ వేసిన పిటిషన్ అప్రూవ్ అయ్యాక స్టాంపింగ్‌కు (కాన్సులేట్‌లో వీసా ముద్రకు) వెళ్లలేక గడువు దాటిపోయిన హెచ్-1బీలు (అమెరికా ఉద్యోగ వీసా అనుమతులు) చాలామంది దగ్గర ఉన్నాయి. కొత్త కంపెనీ మళ్లీ లాటరీకి వెళ్లకుండా క్యాప్ ఎగ్జెంప్ట్‌గా (ఏటా ఇచ్చే కోటా పరిమితి వర్తించకుండా) ఫైల్ చేయాలంటే, ఆ పాత పిటిషన్ కోటాలో లెక్కకు వచ్చిందనీ రద్దు కాలేదనీ చూపాలి. గడువు తీరడం అసలు సమస్య కాదు.

యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ) కేస్ స్టేటస్ పేజీలో ఐ-797 (అప్రూవల్ నోటీసు) మీది రసీదు నంబరు, అంటే మూడు అక్షరాలు, పది అంకెలు, మధ్యలో గీతలు లేకుండా ఇస్తే చాలు. ఎప్పుడో గడువు తీరిన పిటిషన్‌కు కూడా ‘అప్రూవ్డ్’ అనే వస్తుంది. అది చూసి ధైర్యపడొద్దు. యూనివర్సిటీ ఫైల్ చేసిన పిటిషన్ ఏటా ఉండే 65,000 (సాధారణ), 20,000 (అమెరికా మాస్టర్స్ చేసినవారి) కోటాల్లో దేనిలోకీ రాదు, కానీ స్టేటస్ అదే. రద్దయిందో లేదో చూసుకోవడానికి మాత్రం ఈ పేజీ తప్పనిసరి. మనిషి రాలేదని పాత కంపెనీ తెలియజేస్తే పిటిషన్ రద్దు చేసి, ఆ నంబరును వాడనిదిగా చూసే నిబంధన ఉంది. మోసం తేలి రద్దయితే చట్టమే నంబరును కోటాకు తిరిగి ఇచ్చేస్తుంది. ఈ పేజీకి నా మార్కులు 5కు 2.

ఫోయా, అంటే ప్రభుత్వం దగ్గరున్న కాగితాల కాపీలు అడిగే అమెరికా సమాచార హక్కు చట్టం, అసలైన సాయం. ఆన్‌లైన్ ఖాతా తెరిచి అడగొచ్చు. ‘నా ఫైలంతా’ అని రాస్తే నెమ్మదిగా కదిలే వరుసలో పడతారు. రసీదు నంబరు వేసి ఆ ఒక్క ఐ-129 (కంపెనీ వేసిన పిటిషన్ ఫారం) కాపీ చాలని రాయండి. వచ్చిన కాగితాల్లో హెచ్-1బీ డేటా కలెక్షన్ సప్లిమెంట్, సెక్షన్ 3 వెతకండి. బ్యాచిలర్స్ క్యాప్, మాస్టర్స్ క్యాప్, క్యాప్ ఎగ్జెంప్ట్ గడుల్లో దేనికి టిక్ ఉందన్నదే కీలకం. పిటిషన్ కంపెనీది కాబట్టి వాళ్ల వ్యాపార వివరాలు కొట్టేసి పంపొచ్చు, దానికి కంగారుపడక్కర్లేదు. చట్టం చెప్పే గడువు 20 పనిదినాలు. దాన్ని నమ్ముకుని చేరే తేదీ ఖాయం చేసుకోకండి. ఫోయాకు 5కు 4.

ఈ కాగితాలన్నీ ఉన్నా ఒక చిక్కు మిగులుతుంది. గత ఆరేళ్లలో ఒకసారి లెక్కించినవారిని మళ్లీ లెక్కించకూడదని చట్టం అంటూనే, పూర్తి ఆరేళ్లకు అర్హులైతే తప్ప అని మెలిక పెట్టింది. అసలు అమెరికాలో అడుగే పెట్టనివారికి ఆరేళ్లూ మిగిలే ఉంటాయి కదా! అందుకే ఇలాంటి కేసుల్లో అప్రూవల్సూ వచ్చాయి, ఆర్‌ఎఫ్‌ఈలూ (మరిన్ని ఆధారాలు అడిగే నోటీసులు) వచ్చాయి. ఆ ఆరేళ్లను కొత్త పిటిషన్ అప్రూవల్ తేదీ నుంచి వెనక్కి లెక్కపెడతారు, ఫైల్ చేసిన తేదీ నుంచి కాదు. అంచున ఉన్నవాళ్లు ప్రీమియం ప్రాసెసింగ్ (త్వరగా తేల్చడానికి అదనపు ఫీజు) కట్టడమే మేలు. కొత్త ఐ-129లో క్యాప్ ఎగ్జెంప్ట్ టిక్ పెట్టి, కారణం దగ్గర ముందే లెక్కించబడిన వ్యక్తి అన్న గడి ఎంచుకుని, పాత ఐ-797, సెక్షన్ 3 కాపీ జతచేయాలి.

ఖర్చు సంగతి ఈ రెండు సేవల్లో ఎక్కడా కనిపించదు. అమెరికా బయట ఉండి, చెల్లే హెచ్-1బీ వీసా లేనివారి కోసం 2025 సెప్టెంబరు 21 నుంచి వేసే కొత్త పిటిషన్లకు 1,00,000 డాలర్ల చెల్లింపు పెట్టారు. క్యాప్ ఎగ్జెంప్ట్ అయినంత మాత్రాన దాని నుంచి మినహాయింపు రాదు. 12 నెలలకని వచ్చిన ప్రకటన అది, కాబట్టి ఫైల్ చేసే రోజుకు అమల్లో ఉందో లేదో కంపెనీ లాయర్‌ని ముందే అడగండి.