ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫైర్‌ఫాక్స్, యూబ్లాక్ ఆరిజిన్: చెరువు గట్టు మీద వాడి చూశాక

వనామి రొయ్యల ధరల కోసం రోజూ ఫోన్ తెరిచే భీమవరం, ఆకివీడు ప్రాంతాల రైతులకు ఈ సంగతి అనుభవమే: పొద్దున ఏదో వెబ్‌సైటులో ఏరేటర్ల (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రాల) వివరాలు చూస్తే, సాయంత్రం ఇంట్లోవాళ్లు అదే ఫోన్‌లో పులస పులుసు తయారీ వెతికినా పక్కన ఏరేటర్ల ప్రకటనే కనిపిస్తుంది. ఆ రెండు సైట్లకూ సంబంధమేమీ లేకపోయినా, రెండింటిలోనూ ప్రకటనలు పెట్టే సంస్థ ఒకటే అయినప్పుడు అది మన బ్రౌజరులో కుకీ అనే గుర్తు దాచి, వెళ్లిన ప్రతిచోటా దాన్ని చదువుకుంటుంది. ఈ వెంటపడడం తగ్గాలని కోరుకునేవారికి, పైసా ఖర్చు లేకుండా దొరికేవాటిలో, మొజిల్లావారి ఫైర్‌ఫాక్స్ బ్రౌజరును, దానికి తోడు ప్రకటనలను, ట్రాకర్లను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్‌ను (బ్రౌజరుకు తగిలించుకునే చిన్న ప్రోగ్రామును) నేను ముందుగా సిఫారసు చేస్తాను.

వైరస్ సోకిన చెరువు నీరు పక్క చెరువులోకి పోకుండా గట్టు ఆపినట్టు, ఫైర్‌ఫాక్స్ ఏ సైటు కుకీలను ఆ సైటుకే పరిమితం చేస్తుంది. అడ్రస్ బార్‌లో ఉన్న డాలు గుర్తును తాకితే ఆ పేజీలో మన వెంటపడే ఏయే ట్రాకర్లను ఆపిందో చూపిస్తుంది. సెట్టింగ్స్‌లో స్టాండర్డ్, స్ట్రిక్ట్, కస్టమ్ అని మూడు స్థాయిలు ఉన్నాయి. స్ట్రిక్ట్ పెడితే కొన్ని సైట్లు సరిగా పనిచేయకపోవచ్చని మొజిల్లాయే హెచ్చరిస్తుంది కాబట్టి, డబ్బు చెల్లించే పేజీ ఎక్కడైనా మొరాయిస్తే అదే డాలు గుర్తు దగ్గర ఆ ఒక్క సైటుకు రక్షణ ఆపి పని కానిచ్చుకోవచ్చు.

అసలు బలం యూబ్లాక్ ఆరిజిన్‌ది. ఆండ్రాయిడ్‌లోని క్రోమ్ ఎక్స్‌టెన్షన్లను తీసుకోదు. ఫైర్‌ఫాక్స్ మాత్రం 2023 డిసెంబరు నుంచి వందలాది ఎక్స్‌టెన్షన్లకు తలుపు తెరిచింది. మెనూలో ఎక్స్‌టెన్షన్ల విభాగంలోకి వెళ్లి చేర్చుకుంటే చాలు, వేరే అమరికలేవీ అక్కర్లేదు. పేరు మాత్రం పూర్తిగా చూసుకోవాలి, ఎందుకంటే ఉత్త ‘యూబ్లాక్’ అనేది వేరే సరుకు. రేమండ్ హిల్ తయారుచేసిన ఆరిజిన్ ఉచితం, విరాళాలు కూడా పుచ్చుకోదు. 30 కౌంటు (కిలోకు 30 రొయ్యలు) నుంచి 100 కౌంటు వరకు ధరలు వరసగా ఉండే పట్టిక, ఇదివరకు రెండు ప్రకటనల మధ్య ఇరుక్కుని వేలు పెడితే ఎక్కడికో తీసుకుపోయేది, ఇప్పుడు ఒంటరిగా నిలబడి కనిపిస్తుంది. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే గట్టు మీద పేజీ త్వరగా తెరుచుకోవడం, డేటా మిగలడం గోప్యతతో పాటు దక్కే లాభాలు. నిజం చెప్పాలంటే మా వైపు చాలామంది దీన్ని ఉంచుకునేది వీటికోసమే.

లోపాలూ ఉన్నాయి. మొజిల్లా ఆదాయంలో సింహభాగం గూగుల్ సెర్చ్ ఒప్పందం నుంచే వస్తుంది, అందుకే మొదట అమర్చి ఉండేది గూగుల్ సెర్చే. వద్దనుకుంటే డక్‌డక్‌గో అనే మరో సెర్చ్‌కు మార్చుకోవచ్చు. 2025 ఫిబ్రవరిలో తెచ్చిన వాడకపు నిబంధనల మాటలపై గట్టి విమర్శలు రావడంతో వాటిని సవరించాల్సి వచ్చింది. వాడకం వివరాలు మొజిల్లాకు పంపే మీట మొదటి నుంచే వేసి ఉంటుంది కనుక డేటా కలెక్షన్ సెట్టింగులో దాన్ని తీసేయడం మంచిది. ఐఫోన్ ఉన్నవారికి ఈ సమీక్షలో సగమే వర్తిస్తుంది, అక్కడి ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ పెట్టుకునే వీలు లేదు.

ఈ రక్షణ అంతా బ్రౌజరు గోడల వరకే. ఫోన్‌లోని ఇతర యాప్‌లు ఏం పోగుచేస్తున్నాయో దీనికి తెలియదు. మేతల దుకాణంలో, సెల్ పాయింట్‌లో రాసిచ్చిన ఫోన్ నంబరును ఇది వెనక్కి తేలేదు. యాప్‌ల సంగతికి ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లోని గూగుల్ విభాగంలో, యాడ్స్ కింద, ప్రకటనల కోసం యాప్‌లు మన ఫోన్‌ను గుర్తుపట్టే అడ్వర్టైజింగ్ ఐడీని తొలగించే ఏర్పాటు ఉంది, అది వెంటనే చేసుకోదగ్గ పని. ఇక ఒకే ఫోన్ ఇంట్లో నలుగురి చేతుల్లో తిరిగేచోట, మెనూలోని క్విట్ నొక్కి బ్రౌజరు మూసినప్పుడల్లా చరిత్రనూ కుకీలనూ చెరిపేసే మీట పనికొస్తుంది. అయితే ప్రతిసారీ మళ్లీ లాగిన్ కావలసి వస్తుంది కాబట్టి పాస్‌వర్డులు గుర్తుండని పెద్దవాళ్ల ఫోన్‌లో దాన్ని వేయమని నేను చెప్పను.