సంపుకు మూడంగుళాల ట్యాంకరు పైపు: వాడిన తరువాత నా అభిప్రాయం

గేటు పక్క గోడ నుంచి సంపు దాకా ఉన్న పాత 2 అంగుళాల జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపును తీసివేసి 3 అంగుళాల పీవీసీ పైపు వేయించుకున్న తరువాత, ఆ పైపు కంటె దానికి తోడుగా ఆలస్యంగా పెట్టించిన ఒకటిన్నర అంగుళాల గాలి పైపునే నేను ఎక్కువగా మెచ్చుకుంటున్నాను.

తిరుపతి బైరాగిపట్టెడలో మేముండే సందులోకి ట్యాంకరు రాదు. కల్యాణి డ్యాము అడుగంటి కొళాయి మొహం చాటేసే వేసవుల్లో సందు మొగలో నిలిపిన ట్యాంకరు నుంచి గొట్టం లాగి గోడ దగ్గరి పైపుకు బిగించవలసిందే. పాత పైపు లోపల ఉప్పు పేరుకుని సన్నబడిపోయింది కనుక మార్చక తప్పలేదు. అదే సమయంలో బొద్దింకలు, వాననీరు దిగకుండా సంపుకు రబ్బరు అంచుతో బిగుతైన మూత కూడా పెట్టించాము.

చిక్కు అక్కడే వచ్చింది. కొత్త పైపులో మొదటి ట్యాంకరు నీళ్ళు కాసేపు ధారాళంగా దిగి, ఆ తరువాత గుడగుడమంటూ ఆగి ఆగి పారసాగాయి. గోడ దగ్గరి గొట్టం ఎగిరెగిరి పడి, జాయింటు సందులోంచి నీళ్ళు డ్రైవరు మీదికి చిమ్మాయి. పైపు పూడిందని ప్లంబరు, గొట్టం బాగాలేదని మేము వాదించుకుంటుండగా ఆ డ్రైవరే, "సార్, మీ సంపుకు ఊపిరాడడం లేదు, మూత తీయించండి" అన్నాడు. మూత ఎత్తగానే ధార సర్దుకుంది. 5,000 లీటర్ల నీరు లోపలికి వెళ్ళాలంటే అంత గాలీ బయటికి రావాలి. పాత వదులు మూత సందుల్లోంచి పోయే గాలికి ఇప్పుడు నీళ్ళు వచ్చే దారి తప్ప వేరే దారి లేకపోయింది.

మరునాడు ప్లంబరు స్లాబుకు రంధ్రం చేసి గాలి పైపు నిలబెట్టి, పై కొసను కిందికి వంచి దోమల జాలీ కట్టాడు. కింది కొసను స్లాబుకు బెత్తెడు దిగువన వదిలాడు. సంపు నిండుతున్నంతసేపూ పై కొస దగ్గర గాలి చప్పుడు వినిపిస్తుంది, నీరు కింది కొసను తాకగానే ఆగిపోతుంది. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఇళ్ళను వెచ్చబరిచే నూనె ట్యాంకుల గాలి పైపుకు ఈల అమర్చేది ఇందుకే: ఈల ఆగితే ట్యాంకు నిండినట్టు. మాకు ఈల లేకపోయినా, మూత ఎత్తి తొంగిచూసే పని తప్పింది. అయితే ట్యాంకరు ఇంజను ఆపకపోతే ఆ చప్పుడు వినబడదు, వినబడకపోతే వాల్వు కట్టడం ఆలస్యమవుతుంది.

ఇక పైపు మాట. నీరు పారే చోటు 2.25 రెట్లయిందని మొదట్లో బంధువులందరికీ చెప్పాను. ట్యాంకరు గొట్టమే రెండున్నర అంగుళాలైనప్పుడు ఆ లాభం పూర్తిగా దక్కదు. పైగా ఎండ తగిలే గేటు దగ్గరి ముక్క పెళుసుబారి పగిలితే, ఆ భాగం వరకు మళ్ళీ జీఐ పైపే వేయించాము.

ట్యాంకరు నేరుగా సంపు దగ్గరికే రాగలిగిన ఇళ్ళకు ఈ మార్పు అవసరమని నేననను. నిండి పొంగిన నీరు బయటికి పోయే పొంగుపైపు తెరిచి ఉన్న సంపులకు గాలి ఇబ్బంది కూడా ఉండకపోవచ్చు. మాలాగా ఇరుకు సందు, బిగుతు మూత ఉన్నవారు మాత్రం పైపు సైజు గురించి బేరమాడే ముందు గాలి పైపు ఎక్కడ వస్తుందో ప్లంబరును అడగడం మేలు.